వాగ్దానం కార్డుకు వచ్చిన ముప్పు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టగానే మా చర్చిలో ఒక స్టీలు పళ్లెం తిరుగుతుంది. అందులో వాగ్దానం కార్డులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ వచనం. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటే చాలు, ఆ ఏడాదికి దేవుడు మనతో మాట్లాడడం పూర్తయినట్టే. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, 31 వేలకు పైగా వచనాలు. అంత మాట్లాడే దేవుణ్ణి విజిటింగ్ కార్డులోకి కుదించి, మూలన ఒక గులాబీ పువ్వు బొమ్మ వేసి, పర్సులో పట్టేలా చేసినవాళ్ల ప్రతిభను ఇంతవరకు ఎవరూ సరిగా గుర్తించలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

నాకు ఈసారి కూడా యిర్మీయా ప్రవక్త గ్రంథంలోని 29:11 వచ్చింది. వరసగా ఇది మూడో ఏడు. దేవుడు మన గురించి తలపెట్టినవి మేలుకే గాని కీడుకు కావని చెప్పే వచనం. మా బంధువుల ఇళ్లలో గోడ గడియారం మీద, ఫ్రిజ్ మీద, పెళ్లి కార్డు మొదటి పేజీలో, వీసా ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లల చొక్కా జేబులో, ఎక్కడ చూసినా ఇదే. దీన్ని చదవను కూడా అక్కర్లేదు. జేబులో ఉంటే పనిచేస్తుంది.

ఇంత సజావుగా సాగుతున్న ఏర్పాటుకు మా పెద్దమ్మ వల్ల ముప్పొచ్చింది.

ఆమెకు డెబ్బై దాటాయి. మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో ఊరూరా రాత్రిబడులు పెట్టి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పారు కదా, ఈమె చదువు అక్కడే మొదలైంది. దాని పర్యవసానం ఏమిటో మేం అప్పుడే పసిగట్టాల్సింది. వాచకంలో సారా మీద ఒక పాఠం చదివిన పాపానికి దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ గొడవ జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. ఒక్క పాఠానికి ఇంత! చదివింది చదివినట్టు నమ్మే మనుషుల చేతికి పుస్తకం ఇవ్వకూడదని ఆనాడే తేలిపోయింది. అలాంటామె చేతిలో ఇప్పుడు మొత్తం బైబిలుంది, అదీ పెద్దక్షరాలది.

ఆమె చదివే తీరు కూడా ఆందోళన కలిగించేదే. అక్షరం కింద వేలు పెట్టి, పైకి చదువుకుంటూ, వారానికి ఒక్క అధ్యాయం. నేనలా కాదు. ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే పట్టికను పన్నెండేళ్లుగా పాటిస్తున్నవాణ్ణి. ఆదికాండం నాకు కొట్టిన పిండి. లేవీయకాండంలో కుష్ఠు పరీక్షలు వచ్చేసరికి ఫిబ్రవరి వస్తుంది, ఆఫీసులో మార్చి లెక్కల టెన్షన్ మొదలవుతుంది. ఫోన్లో యాప్ మాత్రం రోజూ గంట కొడుతుంది, నేనూ రోజూ టిక్కు పెడతాను. టిక్కుల లెక్కన నేను చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం దాటేసి చాలాసార్లయింది.

సరే, అసలు సంగతికొస్తాను. పోయిన నెల ఒక బుధవారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగింది. పెద్దమ్మ మనవడు డాలస్‌లో ఉన్నాడు, గ్రీన్ కార్డు కోసం చూస్తున్నాడు. పాస్టర్ అయ్యగారు వాడి కోసం మన వచనమే ఎత్తుకుని మంచి ఊపులో ఉండగా పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అయ్యగారూ, ఈ ఉత్తరం ఎవురికి రాసింది?"

గదిలో ఫ్యాన్ చప్పుడు వినబడింది. మా చర్చిలో ప్రశ్న అంటే బైబిల్ క్విజ్‌లో అడిగేదే. దాని జవాబు అడిగేవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. పైగా ఆ వచనం ఒక ఉత్తరంలోదని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఉత్తరమేనట. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టి తన దేశానికి తోలుకుపోయిన యూదులకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. ఇప్పట్లో వెనక్కి రారు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని దాని సారాంశం. మన వచనానికి సరిగ్గా పైన, పదో వచనంలో గడువు కూడా ఉంది: డెబ్బై ఏళ్లు.

"మరి మనోడి కార్డుకు కూడా డెబ్బయ్యేళ్లేనా?" అంది పెద్దమ్మ.

గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న లెక్కన మనవాళ్ల క్యూ చూస్తే అది కొట్టిపారేసే అంకేమీ కాదని మా తమ్ముడు గొణిగాడు గానీ, ప్రార్థన కూడికలో అనాల్సిన మాట కాదది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె వెనక అధ్యాయం కూడా చదివిందట. అందులో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు, దేవాలయం పాత్రలతో సహా, అని మందిరంలో జనం ముందు ప్రకటించాడు. బబులోనుకు లోబడక తప్పదని గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కొయ్య కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. వేదిక మీద ఏం చేయాలో తెలిసిన మనిషి. నన్నడిగితే వాగ్దానం కార్డుకు ఆద్యుడు ఆయనే అంటాను: తక్కువ గడువు, మంచి కబురు, షరతుల్లేవు. అవతల యిర్మీయా దగ్గర ఏముంది? డెబ్బై ఏళ్ల లెక్క, కొయ్య కాడి పోతే ఇనప కాడి వస్తుందన్న మాట. ఇద్దరిలో ఎవరి సభకు షామియానా పెద్దది వేస్తారో వేరే చెప్పాలా? అయితే హనన్యా ఆ ఏడే చనిపోయాడన్న సంగతిని పెద్దమ్మ అయ్యగారి మొహంలోకే చూస్తూ చెప్పకుండా ఉండాల్సింది.

అయ్యగారు నెమ్మదైన మనిషి. కాఫీ పూర్తిచేసి, "అంత లోతుకు పోకూడదమ్మా, అక్షరము చంపును" అన్నారు. అది ఎన్నో అధ్యాయమో అడిగి తెలుసుకుంది పెద్దమ్మ. ముందు వెనకలు చూడాలట.

అందుకే సంఘ పెద్దలకు నాదొక విన్నపం. మనం వాడే వచనాలు మాత్రమే ఉంచి బైబిల్ వేయించండి. నలభై పేజీలకు మించదు. జిప్పు కవరు మాత్రం ఇప్పుడున్న సైజులోనే ఉండాలి, ఎందుకంటే నా బైబిల్లో పాస్‌పోర్టు ఫోటోలు, గ్యాస్ రసీదులు, ఆధార్ జిరాక్సు కూడా ఉంటాయి. పౌలంతటివాడు చెప్పినా సరే, నిజమా కాదా అని రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్న బెరయ ఊరివాళ్ల ముచ్చట తీసేయాలి. ఆ సంగతి రాసిన లూకా వాళ్లను ఎందుకో మెచ్చుకున్నాడు.

రెండవ రాజుల గ్రంథం 22వ అధ్యాయం మాత్రం ఉంచొచ్చు, అది మన వాదానికే బలం. యోషీయా రాజు కాలంలో దేవాలయం మరమ్మతు చేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. అంటే ఏమిటి? అంతవరకు ఆ పుస్తకం కనబడకపోయినా ఆలయం నడిచింది. యాజకుడున్నాడు, హుండీలో డబ్బు పడుతూనే ఉంది, ఆ డబ్బుతోనే మరమ్మతులు. ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. దాన్ని చదివి వినిపించాకే రాజు బట్టలు చింపుకున్నాడు. తప్పు ఎవరిదంటారు?

1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని, సువార్తలు తెలుగు చేసే పనిలో పడి అయిదారేళ్లలోనే ఇద్దరూ పోయారు. పాపం, కార్డు సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

మొన్న ఆదివారం పెద్దమ్మ కళ్లద్దాలు విరిగాయి. దేవుడు నా పక్షానే ఉన్నాడనుకున్నాను. సాయంత్రానికి కబురొచ్చింది.

"కూచోరా అబ్బయ్యా. పదకొండు దాకా నాకు నోటికొచ్చు. పన్నెండు కాణ్ణించి చదువు."

చదివాను. పదమూడో వచనంలో, పూర్ణమనస్సుతో వెదికితే దొరుకుతాను అంటాడు దేవుడు. నా కార్డు మీద ఆ మాట లేదు. గులాబీ పువ్వుకు చోటు కావాలి కదా.

"పూర్ణమనస్సంటే ఎంతరా?" అంది.

నేను ఫోన్ తీసి టిక్కులు చూపించబోయాను. ఆమె చూడలేదు, అద్దాల్లేవు. "ఇదంతా ఎట్టా మొదలైందో తెలియాలంటే ఒకటో అధ్యాయం నుంచి రావాల" అంది. యిర్మీయాకు 52 అధ్యాయాలు. కొత్త అద్దాలు శనివారానికి గానీ రావట.

రెండో అధ్యాయంలో, బద్దలై నీళ్లు నిలవని తొట్ల దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. గుర్తుకు ఏదైనా పెట్టమంది. చీకట్లో పర్సు వెతికితే చేతికి దొరికింది ఆ కార్డే.

శనివారం దాకా నా దగ్గర వాగ్దానం లేదు.