పాపికొండల లాంచీ మైకు గారికి

మహారాజశ్రీ లాంచీ మైకు గారి దివ్య సముఖమునకు,

మీరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. నిన్న గండిపోచమ్మ గుడి రేవులో లాంచీ కదిలిన దగ్గర్నుంచి మీ క్షేమం గోదావరి రెండు గట్లకీ వినపడుతూనే ఉంది. నా సంగతంటారా, మీ స్పీకరు బాక్సు కిందే సీటు దొరికిన అదృష్టవంతుణ్ణి. రాత్రి ఇంట్లో వాళ్లు అన్నానికి పిలిచినా 'ఏంటీ?' అని మూడుసార్లు అడిగాను.

చిన్నచిన్నవి ఉన్నాయిగానీ వాటి జోలికి పోను. బకిల్ ఊడిన లైఫ్ జాకెట్‌ని పురికొసతో కట్టి ఇచ్చారు, సరే. సాంబారు గరిటెలోంచి కాకుండా నేరుగా నదిలోంచి వచ్చినట్టుంది, సరే. 'కిటికీ సీటు' అని డబ్బు తీసుకుని ఇనప స్తంభం పక్కన కూర్చోబెట్టారు, అదీ సరే. మిమ్మల్ని మాత్రం సరే అనుకోలేకపోతున్నాను.

పోలవరం ముంపుకి ఖాళీ అయిన దేవీపట్నం పక్కనుంచి వెళ్తుంటే నా పక్కనున్నామె 'మా అమ్మమ్మ వాళ్ల ఊరండీ' అని ఏదో చెప్పబోయింది. అప్పుడే మీరు కొత్తగా పెళ్లైన జంటల్ని డ్యాన్సుకి పిలిచారు. ఆమె చెప్పింది నాకు వినపడలేదు, రెండోసారి చెప్పే ఓపిక ఆమెకి లేకపోయింది. అటూ ఇటూ ఉన్న అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మీ పుణ్యాన అందులోని జంతుజాలం ఈపాటికి ఒడిశా దాటి ఉంటుంది.

కచ్చులూరు దగ్గరైనా గొంతు తగ్గిస్తారనుకున్నాను. 2019 సెప్టెంబర్ 15న రాయల్ వశిష్ఠ అనే పర్యాటకుల బోటు మునిగింది అక్కడే. 51 మంది పోయారు. ఆ వేళ చుట్టుపక్కల పల్లెల గిరిజనులు తమ పడవలు వేసుకుని ఆ వడిలోకి ఎదురెళ్లి, అందినవాళ్లని అందినట్టు పైకి లాగారు. ప్రాణాలతో బయటపడింది 26 మంది. మా వెనక సీటు పెద్దాయన లేచి నీళ్లకేసి దణ్ణం పెట్టుకుంటుంటే మీరేమన్నారో గుర్తుందా? 'ఏంటి ఫ్రెండ్స్, జోష్ తగ్గింది?'

ఇక అసలు సంగతి. కొండలు దగ్గరపడ్డాక ఎదురుగా ఒక నాటు పడవ. అందులో ఒకాయన నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. తలగుడ్డ విప్పి దాన్నీ ఊపాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. మీరు వెంటనే 'చూడండి, మన పాటకి జాలరి అన్న కూడా స్టెప్పులేస్తున్నాడు' అన్నారు. లాంచీ మొత్తం లేచి ఆయనకి టాటా చెప్పింది. పిల్లలైతే ఈలలు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు, దానికీ చప్పట్లు కొట్టాం.

ఆయన అరిచింది 'వల ఉందండీ బాబూ, ఆపండి' అని. ఇంజిను ఒక్కసారి మూలిగి ఆగిపోయాక గానీ మాకు అర్థం కాలేదు. ఆయన వల మొత్తం నీళ్లలో తిరిగే మా లాంచీ ఫ్యానుకి చుట్టుకుంది. తెల్లటి బెండ్లు లాంచీ వెనకాల గుత్తులు గుత్తులుగా తేలాయి. లాంచీ తన ఇష్టం వచ్చినట్టు రాళ్ల వైపు జారుతోంది. నీళ్లలో ఏం జరిగిందో, జాకెట్లు వేసుకోవాలో అక్కర్లేదో, భయపడాలో వద్దో ఒక్క ముక్క చెప్పాల్సింది అప్పుడే కదా. పొద్దున్నుంచీ నోరు మూయనిదానివి, అప్పుడు గుర్రుమని కూడా అనలేదేం? మీ యాంకర్ నిన్ను సీటు మీద పడేసి ఫోన్‌లో సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.

నువ్వు పట్టించుకోని ఆ మనిషే తెడ్డేసుకుంటూ దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాం. తిట్టినా పడాలి. 'పిల్లలెంతమందున్నారండీ? అందర్నీ ఓ పక్కకి చేరనివ్వకండి, ఒరుగుద్ది' అన్నాడు. పేరంటాలపల్లి నుంచి తిరిగొస్తున్న ఇంకో లాంచీకి కేకేసి మోకు వేయించాడు. వాళ్ల లాంచీ నడిపే సరంగు, మా లాంచీ కళాసీ ఎప్పట్నుంచో ఎరిగున్నవాళ్లలా సైగలతోనే రెండు లాంచీల్నీ పక్కపక్కన కట్టేశారు. ఆ లాంచీలోవాళ్లు తమ మంచినీళ్ల డబ్బా, మిగిలిన పులిహోర ఇటు అందించారు. ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగలేదు. ఆయన చాకు పళ్ల మధ్య పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. తన వలని తనే కోసుకుంటూ, పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటూ, మళ్లీ మునుగుతూ మధ్యాహ్నమంతా అదే పని. కోసిన ముక్కల్ని పారేయకుండా పడవలో మడత పెట్టుకున్నాడు. మేం టోపీ తిప్పి డబ్బు పోగుచేసి ఇస్తే లెక్కపెట్టి సగం వెనక్కిచ్చాడు. 'సగం వల బాగానే ఉందండి' అన్నాడు.

ఇంజిను అందుకోగానే నీకు మళ్లీ ప్రాణం వచ్చింది. వచ్చి ఏం చేశావు? 'సమయస్ఫూర్తి చూపించిన మన బోటు యాజమాన్యానికి గట్టిగా చప్పట్లు' అన్నావు. సిగ్గుందా నీకు? వల పోయింది ఎవరిది? చలికి వణుకుతూ పడవలో కూర్చున్నది ఎవరు? ఆయన పేరు కనుక్కుని ఒక్కసారి పలకడానికి ఎంత కరెంటు ఖర్చవుద్ది? పొద్దుపోయిందని పేరంటాలపల్లి చూపించకుండానే లాంచీని వెనక్కి తిప్పారు. ఆ మాట కూడా నువ్వు చెప్పలేదు, కొండలు అటు నుంచి ఇటు మారాయని మేమే గ్రహించుకున్నాం. నువ్వు పొడుపు కథలు వేస్తున్నావు.

ఇంకొక్క విషయం తెలిసింది నీ గురించి. మాకు మోకు వేసిన ఆ లాంచీలోనూ నీ తమ్ముడొకడు గొంతు చించుకుంటూ వచ్చాడు. జాలరి కేక ఆ సరంగుకి అందలేదు. మా సరంగులా చేతులూపి టాటా మాత్రం చెప్పలేదు. చెయ్యి చాచి స్టీరింగు పక్కన ఎర్రగా ఉన్నదాన్ని టక్కున నొక్కాడు. ఆ తర్వాత 'ఏమైందన్నా?' అని అడిగాడు.

అంటే నీకు స్విచ్ ఉందన్నమాట. ఈసారి వస్తే ఆ స్విచ్ పక్కన సీటే బుక్ చేసుకుంటాను, కిటికీ లేకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
నీ బలవంతపు శ్రోత