ఫోన్ పక్కన పెట్టేస్తే అయిపోతుందా?

"ఇంట్లో అడుగుపెట్టగానే ఫోన్ పక్కన పెట్టేయండి" అని ఇంటినీ పనినీ ఎలా సర్దుకోవాలో చెప్పే ఒక వ్యాసంలో సర్జన్లకు ఇచ్చిన సలహా చదివి నవ్వొచ్చింది. మా ఆవిడ సర్జన్. పేగు కోసి అతికిన పేషెంటుకి కుట్టు దగ్గర లీకయ్యే భయం మొదటి రోజుతో పోదు. చాలామందిలో అది ఐదో రోజుకో, ఏడో రోజుకో బయటపడుతుంది. అంటే సోమవారం ఆపరేషన్ చేస్తే శనివారం పాప పుట్టినరోజు నాడు కూడా మనసు సగం వార్డులోనే. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసినా అంతే.

అమెరికాలో ట్రెయినీ డాక్టర్లకు 2003లో వారానికి సగటున 80 గంటలు అని పరిమితి పెట్టారు. అదీ పరిమితి! మామూలు ఉద్యోగానికి రెండింతలు.

మా ఇంట్లో పనికొచ్చింది వేరే. "ఎనిమిదింటికి వచ్చేస్తా" అనడం తను మానేసింది. "ఇంకో కేసుంది, నాకోసం చూడకండి" అంటుంది. పాప గుమ్మం దగ్గర కూర్చుని ఏడవడం తగ్గింది. తర్వాత తోటి సర్జన్‌తో ఆదివారాలు పంచుకుంది, ఆయన వంతు రోజున మా ఆవిడ పేషెంట్లనీ ఆయనే చూస్తారు. దీనికి ఒప్పుకోవడానికే నాలుగేళ్లు పట్టింది, నా పేషెంటుని ఇంకొకరు చూడటమేంటని. మొన్న ఆదివారం తీరిగ్గా పాపకి జడ వేసింది. వంకరగా వచ్చింది. అంత సన్నటి కుట్లు వేసే చేతులు!