జబ్బులు వాటంతటవే పోలేదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ వారంలోనే మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది: "మన పెద్దలు సబ్బు ఎరగరు, టీకాలు ఎరగరు, బావి నీళ్ళు తాగి నూరేళ్ళు బతికారు. ఇమ్యూనిటీ ఉండబట్టి జబ్బులు వాటంతటవే పోయాయి. చేతులు కడుక్కోమనడం సబ్బుల కంపెనీల ప్రచారం. శుభ్రత ఎక్కువైతే పిల్లలు బలహీనపడతారు." చదివి ఊరుకోలేకపోయాను.

నూరేళ్ళు కొందరు బతికారు, మనం చూసింది వాళ్ళనే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. అందరూ ముప్పైల్లోనే పోయారని కాదు, పసిపిల్లలు అంతమంది పోయేవాళ్ళు. మా నాయనమ్మ వాళ్ళమ్మకు తొమ్మిది కాన్పులైతే దక్కింది నలుగురు.

ఇక బావి నీళ్ళు, ఇమ్యూనిటీ. మా నాయనమ్మ చీలమండ పైన ముడతపడ్డ మచ్చ ఒకటుండేది, నారి కురుపు మచ్చ. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడితే దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్తంత చొప్పున లాగేవాళ్ళట, తొందరపడితే లోపలే తెగి కాలు చీము పట్టేది. మంట తట్టుకోలేక ఆ కాలితోనే దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లల్ని నీళ్ళలోకి వదిలేది, వాటిని కంటికి ఆనని నీటి పురుగులు మింగేవి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి మళ్ళీ బొబ్బ. ఒకసారి వచ్చినవాళ్ళకు మరుసటేడు రాదన్న నమ్మకం లేదు, ఇమ్యూనిటీ ఇక్కడ ఏమీ చేయలేదు. దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. 1980లలో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో కార్యకర్తలు ఊరూరా తిరిగి, నీళ్ళు గుడ్డతో వడకట్టుకోమని, కురుపున్న కాలితో బావిలో దిగొద్దని చెప్పారు, చేతిపంపులు వేయించారు, బావుల్లో మందు చల్లించారు. చివరి కేసు 1996లో. 2000లో మన దేశానికి ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వాటంతటవే పోవడమంటే ఇదేనా? మశూచీ అంతే, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసి, రోగి దొరికితే చుట్టుపక్కల వాళ్ళందరికీ వేసి, 1975లో ఆపగలిగారు.

చేతుల సంగతి సబ్బుల ప్రకటనలతో మొదలైంది కాదు. వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులుండేవి. డాక్టర్లు చూసే వార్డులో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోతుంటే, గర్భిణులు మోకాళ్ళ మీద పడి మంత్రసానులు చూసే రెండో వార్డులో చేర్చుకోమని ఏడ్చేవాళ్ళు. డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుకు తట్టింది. 1847 మేలో బ్లీచింగ్ పౌడర్‌లాంటి మందు కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో వందకు 18 మంది పోయిన వార్డులో జూన్‌కి వందకు ఇద్దరు. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, తమ చేతులే చంపాయంటే ఎవరికైనా మింగుడుపడదు కదా.

శుభ్రత వల్ల బలహీనపడతారన్నదానికి ఒక్క మాట చాలు: పిల్లల్ని మట్టిలో ఆడుకోనివ్వండి, దొడ్డికెళ్ళొచ్చాక, అన్నానికి ముందు చేతులు కడిగించండి. ఈ రెండింటికీ పోటీ లేదు.

మెసేజ్ పంపింది మా పిన్ని. పిన్నీ, కోపం తెచ్చుకోకు, మీ ఇంట్లో ఇప్పుడు నెల నిండని పసిబిడ్డ ఉంది. నువ్వు ఎత్తుకునే ముందు చేతులు కడుక్కో, చూడ్డానికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ కంటే ముందు సబ్బు చూపించు.