తొడ బయటి కండరానికి బహిరంగ లేఖ

శ్రీ వాస్టస్ లేటరాలిస్ గారికి,
కుడి తొడ, బయటి వైపు.

అయ్యా,

తొడ కొట్టి సవాలు విసరడంలో మన తెలుగువాళ్ళం ఘనులం. ఆ దెబ్బ పడేది లోపల ఎవరి వీపు మీదో మాత్రం కనుక్కోం. మారతహళ్ళి పీజీ వెనక షటిల్ ఆడుతూ, కాలు నేలకి పాతుకుని నడుం ఒక్కటే తిప్పేసరికి నా మోకాలి చిప్ప బయటికి జారింది. కాలు చాపగానే మళ్ళీ వచ్చి కూర్చుంది లెండి. అప్పట్నుంచీ మీ కుటుంబ వ్యవహారాలు ఆరా తీస్తున్నాను.

తొడ ముందరి కండరాలు మీరు నలుగురు అన్నదమ్ములట. చిప్ప మీ ఉమ్మడి ఆస్తి. నలుగురిలోకీ దొడ్డవారు మీరే. మీ లాగుడు పైకీ, బయటికీ. లోపలి వైపు ఉన్న మీ తమ్ముడు వాస్టస్ మీడియాలిస్ తన ఏటవాలు పోగులతో చిప్పని ఇటు లాక్కోవాలని చూస్తాడు. మోకాలు కాస్త వాచిందా, ఇంటిల్లిపాదీ సమ్మె.

మా ఫిజియో మేడమ్ నా కాలి మీద గీతలు గీసింది. తుంటి ముందరి ఎముక మొన నుంచి చిప్ప నడిమికి ఒకటి, అక్కణ్ణుంచి కింది ఎముక బొడిపెకి ఇంకొకటి. ఈ రెండు గీతల వంకరే క్యూ యాంగిల్. మగవాళ్ళకి సుమారు 14 డిగ్రీలు, ఆడవాళ్ళకి 17 అని పుస్తకాల లెక్క. వంకర పెరిగేకొద్దీ, మీరంతా బిగుసుకున్నప్పుడు చిప్ప బయటికి మొగ్గుతుంది. అయితే ఈ కోణం పడుకోబెట్టి కొలిస్తే ఒకటి, నిలబెడితే ఇంకొకటి. బెంగళూరు ఆటో మీటరే నయం. పైగా కోణం ఎక్కువున్న వాళ్ళందరికీ చిప్ప జారదు.

మీ వకీలు ఏమంటాడో నాకు తెలుసు. తొడ ఎముక కొసన ఉన్న గాడి లోతు లేదంటాడు, చిప్ప పుట్టుకతోనే పైకి ఉందంటాడు, లోపలి లిగమెంట్ వదులంటాడు. నిజమే కావచ్చు. మోకాలు 20, 30 డిగ్రీలు వంగితే గానీ చిప్ప గాడిలో కుదురుగా పడదు. అంతదాకా దాన్ని కాసేది ఆ లిగమెంటే. మీ దౌర్జన్యానికి ఆ కాస్త సందు చాలదూ?

మీకో సహ నిందితుడు కూడా ఉన్నాడు. ఐటీ కుర్చీలో పొద్దస్తమానం నిద్రపోయే తుంటి పక్క కండరం. అది పట్టు వదిలితే తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. అంటే చిప్ప కింద నుంచి గాడే తప్పుకుంటుందన్నమాట! లోకం మాత్రం చిప్ప జారిందనే అంటుంది.

మా రూమ్మేట్ సలహా, "ఆ తమ్ముణ్ణొక్కణ్ణే పెంచు మామా." ఎలా పెంచను? మీ నలుగురికీ కరెంటు ఒకే ఫెమోరల్ నరం నుంచి. వాడికి విడిగా స్విచ్ లేదు. అందుకని నలుగురికీ, ఆ తుంటి పక్క బద్ధకిష్టికీ కలిపే రేపట్నుంచి వ్యాయామం. మీకు వాటా తగ్గదు, పెత్తనమే తగ్గుతుంది.

ఇట్లు,
మీ బరువు మోసేవాడు

తా.క. మెడికల్ షాపులో కొన్న ఆ సాగే మోకాలి క్యాప్‌కి మీ మీద ఏ అధికారమూ లేదని తెలుసు. అయినా ప్యాంటు మీంచే తొడుక్కుంటున్నాను. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కితే లేచి సీటిస్తున్నారు.