ఇన్వర్టర్ ఏసీ ఉంటే కరెంటు పోయినా రాత్రంతా చల్లగా పడుకోవచ్చా?

ఎండలు ముదిరాయంటే చాలు, చెన్నైలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇంతే: "కరెంటు పోతుందని టెన్షన్ వద్దు. ఇన్వర్టర్ ఏసీ కొనుక్కోండి. అది 300 వాట్లే లాగుతుంది. ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఏసీ లైను ఇన్వర్టర్‌కి కలిపిస్తే సరి. మేడ మీద సోలార్ ఉంటే అసలు బెంగే లేదు. ఏదీ కుదరకపోతే చిన్న పెట్రోల్ జనరేటర్ బాల్కనీలో పెట్టుకోండి. ఈసారి తుఫాను వచ్చినా మీ ఇంట్లో ఒక గది చల్లగా ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇళ్లకు తప్పక పంపండి."

పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలు మే నెల రాత్రి ఈ ఉక్కపోతలో పడే బాధ చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. కానీ ఈ మెసేజ్ నమ్మి ఖర్చు పెట్టినవాళ్లకు చల్లదనం దక్కదు. పైగా ఇందులో ఒక సలహా ప్రాణం తీసేది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు "ఇన్వర్టర్ ఏసీ కొనుక్కోండి" అన్న మాట. స్ప్లిట్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. లైనులో వచ్చే 230 వోల్టుల కరెంటును అది ముందు డీసీగా మార్చి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో కంప్రెసర్‌కి ఇస్తుంది. అందువల్ల కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పాత రకం ఏసీలో అయితే పూర్తి వేగంతో తిరగడం, లేదంటే ఆగిపోవడం, అంతే. ఇన్వర్టర్ ఏసీలోని ఇన్వర్టర్ ఈ బోర్డే. దానికి బ్యాటరీ లేదు, కరెంటు దాచుకునే ఏర్పాటూ లేదు. ఈబీ (కరెంటు బోర్డు) లైను పోయిన క్షణంలో మామూలు ఏసీ ఎలా ఆగుతుందో ఇదీ అలాగే ఆగుతుంది.

"300 వాట్లే లాగుతుంది" అన్నది సగం నిజం. ఎక్కువమందిని ముంచేది ఈ సగం నిజమే. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ బాబాయిగారు ఈ మెసేజ్ చూపించి అడిగితే, వాళ్ల ఒక టన్ను ఫైవ్ స్టార్ ఏసీ వైరుకి క్లాంప్ మీటర్ (వైరులో పారే కరెంటును కొలిచే పరికరం) తగిలించి చూశాం. వాళ్ల గది వేడిగానే ఉంది. ఆన్ చేశాక అంకె మెల్లగా ఎక్కుతూ పోయి 5 ఆంపియర్ల దగ్గర నిలబడింది. అంటే వెయ్యి వాట్ల పైమాటే. ముప్పావు గంట తర్వాత గది చల్లబడి కంప్రెసర్ నెమ్మదించాక 2 ఆంపియర్లలోపుకి దిగింది.

"అయితే మెసేజ్‌లో ఉన్నది దాదాపు నిజమేగా?" అన్నారాయన.

నిజమే బాబాయిగారూ, తలుపులు బిగించి, గది చల్లబడ్డాక, ఎండ లేని వేళ. కానీ కరెంటు సరిగ్గా ఆ ముప్పావు గంట అయ్యాకే పోవాలని లేదు కదా. ఒక టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూ, సుమారు 3,500 వాట్ల వేడిని గదిలోంచి బయటకు తోడే యంత్రం. పగలంతా కాగిన స్లాబు కింద, పై అంతస్తు ఫ్లాట్‌లో అయితే అర్ధరాత్రి దాకా పైకప్పు వేడిని దించుతూనే ఉంటుంది. అలాంటి గదిలో కంప్రెసర్ నెమ్మదించడానికి చాలా సేపు పడుతుంది.

ఇక బ్యాటరీ. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల ఏసీకి గంటా ముప్పావు రావాలి కదా అనిపిస్తుంది. రాదు. ఆ 150 అన్న అంకె బ్యాటరీని 20 గంటల పాటు, 7.5 ఆంపియర్ల చొప్పున నిదానంగా వాడితే వచ్చేది. వెయ్యి వాట్ల ఏసీ పెడితే ఇంటి ఇన్వర్టర్‌లో పోయే నష్టంతో కలిపి, 12 వోల్టులే ఉన్న బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. అంత జోరుగా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో సుమారు సగమే ఇస్తుంది. కొత్త బ్యాటరీ అయినా ముప్పావు గంట దాటడం కష్టం. గది ముందే చల్లబడి ఉండి 400 వాట్లతో నడిచినా రెండు, రెండున్నర గంటలు. మూడు నాలుగేళ్లు వాడిన బ్యాటరీకి ఆ ఆశ కూడా పెట్టుకోకండి. ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికి పది గంటలకు పైగా పడుతుంది. అదే రాత్రి రెండోసారి కరెంటు పోతే చేతిలో ఏమీ ఉండదు.

"లైను ఇన్వర్టర్‌కి కలిపిస్తే సరి" అన్న దాంట్లో ఒక్క మాట ఒప్పుకోవాలి. పాత ఏసీ కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఇన్వర్టర్ ఏసీకి ఆ పోటు ఉండదు, మెల్లగా మొదలవుతుంది. బ్యాటరీ మీద ఏసీ నడపాలనుకుంటే ఇన్వర్టర్ ఏసీయే తీసుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ మన ఇళ్లలో సాధారణంగా ఉండేది 900 వీఏ ఇన్వర్టర్. అది మోయగలిగేది 700 వాట్ల చుట్టుపక్కల. ఏసీ ఊపందుకోగానే ఓవర్‌లోడ్ బీప్ కొట్టి మొత్తం ఆపేస్తుంది. అప్పుడు ఏసీతో పాటు అంతవరకూ తిరుగుతున్న ఫ్యాను కూడా ఆగుతుంది! పెద్దవాళ్ల గదిలో ఫ్యాను ఆపే ఏర్పాటు మనమే డబ్బిచ్చి చేయించుకున్నట్టు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులా నున్నగా కాక మెట్లుమెట్లుగా కరెంటు ఇచ్చేది) అయితే ఏసీ బోర్డుకే ముప్పు. పాత ఇళ్లలో లైట్లకూ ఫ్యాన్లకూ వేసిన సన్న వైర్ల మీద, టేపు చుట్టిన జాయింట్ల మీద ఈ లోడు గంటల తరబడి పడితే అవి వేడెక్కుతాయి.

మరి బ్యాటరీ మీద ఒక గదిని చల్లగా ఉంచడం అసలు కుదరదా? కుదురుతుంది. కావలసింది కనీసం 3 కేవీఏ (3,000 వీఏ) ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (అచ్చం లైను కరెంటులాంటిదే ఇచ్చేది), 48 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఏసీకి విడిగా లాగిన లైను. ఆ బ్యాటరీలో దాదాపు 5 యూనిట్లు పడతాయి. నష్టాలు పోగా 4 యూనిట్లు చేతికొస్తాయి. ఏసీ సగటున 500 వాట్లు తీసుకుంటే ఎనిమిది గంటలు. ఆ సగటు రావాలంటే గది చిన్నది కావాలి, ఒక టన్నుకు మించని ఏసీ ఉండాలి, తలుపు కింద సందు మూయాలి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయాలి, 27 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను తిప్పాలి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ (కేంద్రం ఇంధన పొదుపు సంస్థ) చెబుతుంది. ఫ్యాను గాలి ఉంటే 27 ఏమంత ఎక్కువ కాదు. అయితే ఈ సెట్టంతా కలిపి ఏసీ ధర కంటే ఎక్కువవుతుంది. ఆ సంగతి మెసేజ్‌లో ఎక్కడా లేదు.

అంత పెట్టలేని ఇంటికి నేను చెప్పేది ఇది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్ల చిల్లర. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు మీ పాత ఇన్వర్టర్ మీదే రాత్రంతా తిరుగుతాయి. కరెంటు ఉన్నప్పుడే పెద్దవాళ్ల గదిని చల్లబరిచి ఉంచండి. పోయాక ఆ తలుపు ఊరికే తీసి వేయకండి. చెన్నైలో మామూలుగా వచ్చే గంట, గంటన్నర కోతలు చాలావరకు ఇలాగే గడిచిపోతాయి.

సోలార్ మాట రెండు ముక్కల్లో. నెట్ మీటర్‌తో ఈబీకి కలిపిన సోలార్, లైనులో కరెంటు లేకపోతే దానంతట అదే ఆగిపోతుంది. లైను బాగుచేయడానికి స్తంభమెక్కిన మనిషికి మన మేడ మీది కరెంటు తగలకూడదని పెట్టిన ఏర్పాటది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ అయితే వేరు. రాత్రి పూట మాత్రం అక్కడా లెక్క మళ్లీ బ్యాటరీదే.

"జనరేటర్ బాల్కనీలో పెట్టుకోండి" అన్న వాక్యాన్ని దయచేసి ఎవరికీ పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే, తప్పని చెబుతూ మళ్లీ ఒక మెసేజ్ పెట్టండి. పెట్రోల్ ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లకు తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ఎండ దెబ్బేమో అనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ గుర్తులూ తెలియవు, ఇక లేవరు. బాల్కనీ తలుపు సందుల్లోంచి, కిటికీలోంచి ఆ గాలి మన గదిలోకే కాదు, పై ఫ్లాట్‌లో పడుకున్న పసిపిల్లల గదిలోకీ వెళ్తుంది. జనరేటర్ ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. మన అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో అంత దూరం ఎక్కడుంది? రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో జనరేటర్‌ని గోడ సాకెట్‌లోకి గుచ్చడం ఇంకో ఘోరం. ఆ కరెంటు వెనక్కి వీధి లైనులోకి ఎక్కి లైన్‌మన్‌ని కొడుతుంది. ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని ఈబీ లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్) లేకుండా జనరేటర్‌ని ఇంటి వైరింగ్‌కి కలపనే కూడదు.

చివరిది తుఫాను. వర్దా వచ్చింది 2016 డిసెంబర్ 12న. మిచాంగ్ వాన 2023 డిసెంబర్ మొదటి వారంలో. రెండిట్లోనూ చాలా పేటల్లో కరెంటు రోజుల తరబడి లేదు. అయితే డిసెంబర్ రాత్రి చెన్నైలో ఏసీ ఎవరికి కావాలి? అప్పుడు కావలసింది లైటు, ఫోను చార్జింగ్, మందులున్న ఫ్రిజ్, దోమల్ని తోలే ఫ్యాను. పైన చెప్పిన 4 యూనిట్లు ఏసీకి ఒక్క రాత్రికి సరిపోతే, వీటికి రెండు రోజులు వస్తాయి. తుఫాను కబురు వినగానే బ్యాటరీ నిండుగా చార్జ్ చేసుకుని, ఏసీ ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఏసీకి ఉండే ట్రిప్పు స్విచ్) దించేయండి. వేళచ్చేరి, పల్లికరణై లాంటి చోట్ల గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండి అవుట్‌డోర్ యూనిట్ నీళ్లలో మునిగితే, నీరు తీశాక కూడా మెకానిక్ విప్పి చూసేదాకా ఆ ఎంసీబీ ఎత్తకండి.