సరళరేఖ గారికి బహిరంగ లేఖ

విమానదూరాలు చెప్పే తెర మీద లేహ్‌కూ శ్రీనగర్‌కూ నడుమ ఎర్రగా మెరిసే సరళరేఖ గారి సముఖమునకు,

మొన్న ఉదయం తొమ్మిదింటి విమానం గాలుల వల్ల రద్దయిన తరువాత, ముద్రలు పడిన బోర్డింగ్ పాసును చేతిలో పట్టుకొని తమ దర్శనం మరోసారి చేసుకున్నాను. 256 కిలోమీటర్లు, 49 నిమిషాలు అని తమరు ఎప్పటిలాగే నిబ్బరంగా సెలవిచ్చారు. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట జోడిస్తారని ఆ తీరికలో గ్రహించాను. కోస్తా మైదానానికీ హిమాలయానికీ తమ దగ్గర ఒకటే కొలబద్ద.

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 10,682 అడుగుల ఎత్తున ఉందనీ, అసలే పలుచనైన అక్కడి గాలి ఎండ ఎక్కేకొద్దీ మరింత పలుచబడి రెక్కలకు చాలినంత ఊతం ఇవ్వదనీ, మధ్యాహ్నానికి లోయలో ఈదురుగాలులు లేస్తాయనీ, అందుకే అక్కడి విమానాలు చాలావరకు ఉదయంపూటే వచ్చి వెళ్లిపోతాయనీ తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. నాకూ చెప్పలేదు. "కాసేపట్లో చెబుతాం" అన్న కౌంటరు మాట నమ్మి రెండింటి దాకా కూర్చున్నాను. బయట టాక్సీ అతను మాత్రం పదకొండింటికే చెప్పాడు: రోడ్డు మీద 420 కిలోమీటర్లు, కార్గిల్‌లో నిద్ర చేసి, 11,575 అడుగుల జోజిలా కనుమ దాటితే మర్నాడు మధ్యాహ్నానికి శ్రీనగర్. అతన్ని చూసి నవ్వాను. తమ 49 నిమిషాలు నా జేబులో ఉన్నాయి కదా!

నేరుగా వెళ్లే విమానం మళ్లీ వెంటనే దొరకలేదు. మర్నాడు ఢిల్లీ మీదుగా పంపించారు. లేహ్ నుంచి ఢిల్లీకి సుమారు 620 కిలోమీటర్లు, అక్కడి నుంచి శ్రీనగర్‌కు సుమారు 640. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించడం అంటారే, ఆ చేతికి నేను టికెట్టు కొన్నాను. ఖుబానీ సంచికి అదనపు బరువు రుసుము రెండుసార్లు కట్టిన సంగతి, ఢిల్లీ జూన్ ఎండలో ఉన్నికోటు మోసిన సంగతి ఇక్కడ ఎత్తను.

శ్రీనగర్‌లో నాకోసం ఆగిన అక్కా బావగారూ సెలవు అయిపోయి హైదరాబాదుకు తిరిగి వెళ్తూ ఢిల్లీ విమానాశ్రయంలోనే ఎదురయ్యారు. మేమే వచ్చేశాం కదా, ఇంకా అక్కడికెందుకురా అని అక్క అడిగింది. టికెట్టు ఉంది కనుక అన్నాను. పావుగంటలో మా కాశ్మీరు యాత్ర ముగిసింది.

తమరు అనడం ఇక నా వల్ల కాదు. కొండ లేదు, గాలి లేదు, ఆ రోజు విమానం ఉందో లేదో అన్న చింత లేదు, రెండు చుక్కలు దొరికితే చాలు గీత గీసి నిమిషాలు చెప్పేస్తావు. అడిగిన ప్రతివాడికీ చెబుతావు. సిగ్గు లేదూ నీకు?

అయితే ఒకటి ఒప్పుకోవాలి. లేహ్‌లో లేచిన విమానం సింధు నది మీద మలుపు తిరిగినప్పుడు, పడమటి దిక్కున ఎండ పడుతున్న మంచుకొండల వరుస మీదుగా నీ దారి పోతూ కనిపించింది. అందంగానే ఉన్నావు.

శ్రీనగర్‌లో దిగి, అలవాటు కొద్దీ, మళ్లీ నిన్నే తెరిచి చూశాను. 49 నిమిషాలేనట.

ఇట్లు,
ఆ 49 నిమిషాలను 31 గంటల్లో పూర్తి చేసిన ప్రయాణికుడు