తోటలో కాదు, నర్సరీలోనే ఆపాలి

ఒంగోలు దాటి కందుకూరు వైపు వెళ్తుంటే జామాయిల్, సుబాబుల్ తోటలు కనిపిస్తూనే ఉంటాయి. కూలీల ఖర్చు భరించలేక, నీళ్లు చాలక ఎంతోమంది రైతులు కర్ర తోటలకు మళ్లారు. ఆ తోటల్లో పురుగు పడితే మనం చెప్పేది ఒకటే మాట, మందు కొట్టండి అని. అక్కడే తప్పు చేస్తున్నాం. పరాయి దేశపు పురుగు మన తోటలో పుట్టదు, నర్సరీ మొక్కతో పాటు ట్రాలీ ఎక్కి వస్తుంది.

జామాయిల్‌కు బుడిపెలు తెచ్చే కందిరీగనే తీసుకోండి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన దేశంలో 2001లో కర్ణాటకలో బయటపడి, కొన్నేళ్లకే ఆంధ్రాకూ వచ్చేసింది. ఒళ్లంతా కలిపి మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. లేత ఆకు ఈనెలో, కాడలో, చిగురు కొమ్మలో గుడ్డు పెడితే అక్కడ బుడిపె లేస్తుంది. పిల్ల పురుగు ఆ బుడిపె లోపలే పెరుగుతుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. పైగా మగ పురుగుతో పనిలేకుండా ఆడదే సంతతిని పెంచుకుంటుంది. బుడిపెలున్న కొద్దిపాటి మొక్కలు చాలు, ఊరంతా పాకడానికి.

ఒకే క్లోన్ వేస్తే కర్ర ఒకే తీరున వస్తుంది, టన్నులు ఎక్కువ దిగుతాయి అంటారు. నిజమే, అప్పు చేసి తోట వేసిన రైతుకు టన్నే ముఖ్యం. కానీ క్లోన్ అంటే ఒకే చెట్టుకు వేల నకళ్లు. ఒకదానికి పురుగును తట్టుకునే శక్తి లేకపోతే ఏ ఒక్కదానికీ ఉండదు. 2021లో మన వేపలు ఎండుతుంటే ఊళ్లలో ఎంత బెంగపడ్డామో గుర్తుంది కదా. వాటిలో చాలావరకు మళ్లీ చిగురించాయి. గింజ నుంచి మొలిచిన వేప ఏ రెండూ ఒకేలా ఉండవు. నా దృష్టిలో వాటి బలం అదే.

పురుగును పురుగుతోనే కొట్టిన అనుభవం మనకుంది. 1988లో సుబాబుల్‌ చిగుళ్లను సిల్లిడ్ అనే చిన్న పురుగు పీల్చేస్తుంటే, దాన్ని తినే అక్షింతల పురుగును థాయ్‌లాండ్ నుంచి తెప్పించారు. బొప్పాయి పిండినల్లి మీదికి 2010లో ప్యూర్టోరికో కందిరీగను వదిలితే అది చేసిన మేలు ఏ మందూ చేయలేదు. జామాయిల్ బుడిపెల్లోని పిల్ల పురుగును తినే చిన్న కందిరీగలూ ఉన్నాయి. మనం విచ్చలవిడిగా కొట్టే మందుకు ముందు చచ్చేది ఆ మిత్రులే.

అసలు మన జబ్బు మొక్కల లెక్క. ఎన్ని లక్షలు నాటామని చెప్పుకుంటాం, ఎక్కడి నుంచి తెచ్చామని అడగం. మొక్కలతో వచ్చే పురుగును రాష్ట్రం దాటకుండా ఆపే అధికారం 1914 నాటి చట్టంలోనే ఉంది. జిల్లాకు వచ్చే ప్రతి నర్సరీ లోడునూ తనిఖీ చేసి, ఏ క్లోన్, ఏ నర్సరీ అని రాసిన చీటీ రైతు చేతికివ్వాలి. ఇది కోట్ల ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

అంతవరకూ ఈశాన్య వానలకు మొక్కలు తెచ్చుకునే రైతులు ట్రాలీకి ఎత్తకముందే ఆకు తిప్పి ఈనె తడిమి చూడండి. బుడిపె తగిలితే ఆ ఒక్క మొక్కే కాదు, ఆ ట్రే మొత్తం వద్దనండి.